పొడి రాలని పుట్టగొడుగు

డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినవాడికి ఏ మొక్క తలరాతైనా మార్చేస్తానన్న ధీమా ఉండే వయసొకటి ఉంటుంది. (పుట్టగొడుగు మొక్కే కాదని మా లెక్చరరు మొత్తుకున్నారు, అది వేరే సంగతి.) ఆ వయసులో నేను ఉయ్యూరు దగ్గర మా బాబాయి పుట్టగొడుగుల షెడ్డులో చేరాను. ఉడకబెట్టిన వరిగడ్డి సంచుల్లో కుక్కి, విత్తనం చల్లి వేలాడదీస్తే తెల్లటి గొడుగులు గుత్తులుగా వచ్చేవి. వాటి కిందనుంచి పిండిలాంటి పొడి రాలేది. పుట్టగొడుగుల సంతానమంతా ఆ పొడిలోనే ఉంటుంది. బాబాయి రోగమూ అందులోంచే వచ్చింది. ఏళ్లతరబడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై, షెడ్డు గుమ్మం తొక్కితే చాలు, దగ్గి దగ్గి కళ్లు తేలేసేవాడు. "మళ్లీ లోపలికెళ్తే నా దగ్గరికి రాకండి" అనేశారు డాక్టరుగారు. పాపం, తన షెడ్డు బయటే మంచం వేసుకుని "ఏరా, తడి సరిపోయిందా?" అని అరుస్తుండేవాడు.

పొడి రాలని రకం పుట్టిస్తే బాబాయి లోపలికి రావచ్చు కదా అని నాకు తోచింది. రకరకాల గొడుగుల పొడి తెచ్చి, గాజు గొట్టాల్లో మొలిపించి, జతలు కలిపాను. ("సంబంధాలు కుదిరాయా నాయనా?" అని పిన్ని వెటకారం.) ఒక్కటి తప్ప గొట్టాలన్నిటికీ పచ్చబూజు పట్టింది. మిగిలిన ఆ ఒక్కదాన్నీ గడ్డిలో కలిపితే చివరికి ఒక్క సంచి దక్కింది. దానికి ఒకే ఒక్క గుత్తి. పొద్దున దానికింద పరిచిన నల్లకాగితం సాయంత్రానికీ నల్లగానే ఉంది! పరుగున పట్టుకెళ్లి చూపించాను. బాబాయి కాగితం మీద వేలు రాసి, వేలు చూసుకుని, "అయితే నేను లోపలికి రావచ్చంటావా?" అన్నాడు. "కొన్నాళ్లు ఓపిక పట్టు బాబాయ్" అన్నాను, గొప్పగా.

ఆ గుత్తిలోంచి ముక్క తీసి పెంచడానికి కొత్త గొట్టాలు కొందామని బెజవాడ వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా వెల్లుల్లి, కరివేపాకు ఘుమఘుమ. షెడ్డులో సంచి లేదు.

"పిన్నీ, ఆ గుత్తేదీ?"

"వేపుడు చేశాన్రా. తొలికాపు ఇంటిపెద్ద నోట్లో పడకపోతే ఎట్టా? గడ్డి గేదెకేశా. అంత మంచి రకమని డప్పు కొట్టింది నువ్వేగా!"

మా ఇంట్లో మొదటి బెండకాయ దగ్గర్నుంచీ అదే పద్ధతి. నాకు ఏడుపొచ్చింది. అరుద్దామని నోరు తెరిచాను కూడా. వసారాలో బాబాయి భోంచేస్తున్నాడు. కొన్ని వారాలుగా రెండు ముద్దలకే చెయ్యి కడుక్కుంటున్న మనిషి, కంచం ఊడ్చేసి, "ఒరే, ఇంకుందా?" అన్నాడు. పిన్ని నా మొహంలోకి చూసింది.

"బోలెడొస్తుంది బాబాయ్" అన్నాను.

రాలేదు. అవే జతలు ఎన్నిసార్లు కలిపినా పొడి రాలుతూనే ఉంది. ఆ చలికాలం దాటకుండానే, షెడ్డులో మళ్లీ అడుగుపెట్టకుండానే, బాబాయి పోయాడు. నేనింకా ఆ రకం కోసమే తంటాలు పడుతున్నాను (మా ఆవిడ లెక్కలో ఇది ఉద్యోగం కాదు, జబ్బు). రంగు, బరువు, కాడ పొడుగు అన్నీ కొలిచి తెగ మురిసిపోయిన ఆ కుర్ర శాస్త్రవేత్త గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ పుట్టగొడుగు తిన్నది లోకంలో బాబాయి ఒక్కడే. ఎలా ఉంది బాబాయ్ అని మాత్రం అడగలేదు.