ఎండ కొట్టు, వాన కొట్టు

ఆ వీధిలో ఆయన్ని ఎండ మామయ్య అనేవాళ్ళు. ముఖం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఆయన నోరు అలాంటిది మరి. కొండదారుల్లో తొక్కే సైకిళ్ళకి టైర్లు అమ్మడం ఆయన వృత్తి, కొనడానికి వచ్చినవాళ్ళని తిట్టడం ఆయన స్వభావం. కొట్లో అడుగుపెట్టి "మంచి టైరు చూపించండి" అన్నవాడి పని అయిపోయినట్టే.

"మంచి టైరేంటయ్యా? చెప్పుల కొట్టుకెళ్ళి మంచి చెప్పులివ్వమంటావా? ఎవరి కాలికి? ఏ దారికి? రాళ్ళా, ఇసకా, గట్టినేలా? ముందు అది తెలుసుకుని రా, పో!" అని కసిరేవాడు. అంత మాట పడ్డవాళ్ళే మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు. ఎందుకంటే ఆ నోట తిట్టు రావాల్సిందే గానీ అబద్ధం వచ్చేది కాదు.

దారి చూడకుండా టైరు చెప్పడం ఆయన లెక్కలో దొంగతనంతో సమానం. సెలవు దొరికితే చాలు, చెప్పులేసుకుని కొండదారులన్నీ నడిచేవాడు. మడమతో నేలని నొక్కి చూసేవాడు. పిడికెడు మట్టి తీసి నలిపి చూసేవాడు. పొడిగా, గట్టిగా ఉన్న నేల మీద పొట్టి బుడిపెలు దగ్గర దగ్గరగా ఉన్న టైరు జర్రున పోతుంది. అదే టైరు బురదలో దిగిందా, బుడిపెల సందుల్లో మట్టి కూరుకుపోయి నున్నగా తయారవుతుంది, ఇక దాన్ని పట్టుకునే నాథుడుండడు. బురదకి పొడుగు బుడిపెలు కావాలి. ఎడం ఎడంగా ఉండాలి, పట్టిన మట్టిని తిరిగి విదిలించెయ్యాలి. తడిసిన చెట్టువేళ్ళ మీద పోవాలంటే రబ్బరు కూడా మెత్తగా ఉండాలి. ఇదంతా ఆయనకి తండ్రి నేర్పిన విద్య. తిట్లు మాత్రం సొంతంగా సంపాదించుకున్నాడు.

ఇంత తెలిసిన మనిషి కొట్లో పొట్టి బుడిపెల టైర్లు తప్ప మరో రకం ఉండేది కాదు. పొడుగు బుడిపెలవి పక్క కొట్లో ఉండేవి. ఆ పక్క కొట్టు సొంత తమ్ముడిది.

తండ్రి ఉన్నన్నాళ్ళూ అది ఒకటే పొడుగాటి గది. కుడిగోడకి ఎండాకాలం టైర్లు, ఎడమగోడకి వానాకాలం టైర్లు వేలాడుతుండేవి. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరికీ ఉప్పూ నిప్పూ అయింది. ఏ టైరు ముందు వరసలో వేలాడదియ్యాలి అన్న దగ్గర మొదలై, ఎవరు తండ్రిని బాగా చూశారు అన్న దాకా పోయింది. చివరికి పెద్దమనుషులు కూర్చుని గది మధ్యలో చెక్కగోడ కొట్టించారు. ఏ గోడ ఎవరి వాటాకి వస్తే దానికి వేలాడుతున్న సరుకు వాళ్ళది అన్నారు. ఆ పెద్దమనుషుల్లో ఒక్కడికీ సైకిలు తొక్కడం వచ్చినట్టు లేదు! పంపకం అయిపోయింది. అన్న ఎండకి, తమ్ముడు వానకి మిగిలారు. అవతలివాడు అమ్మే రకం తెప్పించుకుంటే వాడి ముందు తల వంచినట్టేనని ఇద్దరూ పంతం పట్టారు. అప్పట్నుంచి ఒకరితో ఒకరికి మాటల్లేవు. అనాల్సింది ఉంటే చెక్కగోడకి వినపడేలా ఎవరితోనో అనేవాళ్ళు.

ఎండ మామయ్య రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. టైరు విషయంలో అబద్ధం చెప్పడు. ఎవర్నీ పక్క కొట్టుకి పంపడు. రెండూ ఎలా కుదురుతాయంటారా? దారి బురదగా ఉందనుకోండి, "ఈ వారం తొక్కకు, ఇంట్లో పడుకో" అని పంపేసేవాడు. పడుకున్నవాళ్ళు బతికిపోయేవాళ్ళు, పడుకోనివాళ్ళు తమంతట తామే పక్క కొట్లోకి వెళ్ళేవాళ్ళు. ఆయన మాట మాత్రం ఏనాడూ పొల్లుపోలేదు.

ఆయన మెత్తబడేది ఒక్కరి దగ్గరే. చెల్లెలి కూతురు. చిన్నప్పుడు కొట్లో ఉన్న ప్రతి సైకిలూ ఎక్కి దూకేదని మిడత అని పేరు పెట్టాడు. పొద్దున్నే ఇంటింటికీ పార్సిళ్ళు పంచే పని చేసుకుంటూ, మధ్యాహ్నం నుంచి కొండల మీద సైకిలు తొక్కేది. ఆ పిల్లకి మామయ్యలిద్దరూ కావలసినవాళ్ళే గానీ, టైరు మాటొస్తే పెద్దమామయ్య మాటే మాట. "చిన్నమామయ్య నవ్వుతూ ఏదో అంటాడు. నువ్వు తిట్టి నిజం చెప్తావు" అనేది.

ఆ ఏడు మిడతకి చావో రేవో అన్నట్టయింది. పెద్ద పందేలకి వెళ్ళే జట్టులో ఆడపిల్లలకి ఒక్క చోటు ఖాళీ ఉంది. ఆదివారం పందెంలో మొదటొచ్చిన అమ్మాయికే ఇస్తారు. ఇరవై మూడు నిండినవాళ్ళని ఆ జట్టు తీసుకోదు. మిడతకి వచ్చే నెలలో నిండుతాయి. మళ్ళీ ఏడాది అనే మాటే లేదు.

అందుకని ఎండ మామయ్య శుక్రవారం కొట్టు మూసి, పందెం జరిగే దారి మొత్తం నడిచి వచ్చాడు. ఆదివారం దాకా ఆ దారిలో సైకిళ్ళని రానివ్వరు, నడిచి చూడ్డమే. ముప్పాతిక దారి రాయిలా ఉంది. ఎండిపోయిన ఎర్రమట్టి, పైన సన్న గులకరాళ్ళు. పొట్టి బుడిపెలకి అంతకంటే ఏం కావాలి అనుకుని సంబరపడ్డాడు. తర్వాత దారి చెట్ల నీడలోకి దిగింది. అక్కడో మలుపు. గట్టులోంచి ఊట కారుతోంది, మలుపు నిండా అడ్డంగా చెట్టువేళ్ళు. మడమతో నొక్కితే చెప్పు దిగబడిపోయింది. ఆయనకి అక్కడే తేలిపోయింది. వెనక చక్రానికి తన టైరు, లేకపోతే ఎత్తు ఎక్కేచోట పిల్ల వెనకబడిపోతుంది. ముందు చక్రానికి తమ్ముడి టైరు, లేకపోతే మలుపులో చక్రం పట్టు దొరక్క జారిపోతుంది. ఒకటి ఇక్కడిది, ఒకటి అక్కడిది. దారంతా పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాడు.

శనివారం మిడత సైకిలు తోసుకుంటూ వచ్చింది.

"మామయ్యా, చెట్ల కింద మలుపు తడిగా ఉంటుందంటున్నారు. ముందు చక్రానికి పొడుగు బుడిపెలది వేసుకోనా?"

ఎండ మామయ్య నోరు తెరిచాడు. నిజమే చెప్పబోయాడు, ఆ మాట ఒప్పుకోవాలి. సరిగ్గా అప్పుడు చెక్కగోడ అవతల తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. గట్టిగా, తీరిగ్గా, 'చెప్పు చూద్దాం' అన్నట్టు. అంతే, పెద్దాయన ఒళ్ళు భగ్గుమంది.

"ఎవడే అన్నది? వాడు నడిచాడా, నేను నడిచానా?"

"నువ్వే నడిచావు."

"మరింకేం? దారంతా పొడే. ముందూ వెనకా ఇవే వెయ్యి."

"సరే. నువ్వన్నాక ఇంక చూసేదేముంది!"

తనే కింద కూర్చుని రెండు టైర్లూ ఎక్కించాడు. గాలి కొట్టాడు. మిడత హుషారుగా బెల్లు మోగించి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్తే భార్య గుమ్మంలో ఆయన చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది.

"దారంతా ఎండిపోయిందని పిల్లకి చెప్పారట. ఫోన్లో చెప్పి మురిసిపోతోంది. మరి నిన్నటి చెప్పులకి ఈ బురదేంటి?"

"కుళాయి దగ్గర తొక్కాను."

"మన కుళాయి దగ్గర కుళ్ళిన ఆకులు కూడా ఉంటాయా?"

"నోరు మూసుకుని లోపలికి పో!"

ఆవిడ చెప్పులు ఆయన కాళ్ళ దగ్గర పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట వడ్డించింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

ఆదివారం జనమంతా పందెం ముగిసే గీత దగ్గర గుమిగూడారు. ఎండ మామయ్య అటు పోలేదు. కాళ్ళు వాటంతటవే చెట్ల కింద మలుపు దగ్గరికి లాక్కుపోయాయి. అక్కడికి వెళ్ళి తలెత్తితే, దారికి అవతలి పక్క చేతులు కట్టుకుని తమ్ముడు. ఇద్దరి మధ్యా బారెడు దారి, దాని మీద నల్లగా మెరుస్తున్న వేళ్ళు. తమ్ముడు పక్కనున్న చెట్టుకేసి తిరిగాడు.

"ఏం చెట్టూ, చూశావా? దారంతా పొడేనట. పొడిదారిలో కొందరికి ఈ మలుపు దగ్గరే ఏం పనో!"

పెద్దాయన ముఖం కందగడ్డ అయింది.

పందెం మూడు చుట్లు. మొదటి చుట్టులో మిడతే ముందుంది. మలుపులో ముందు చక్రం గిలగిల్లాడింది, ఎలాగో నిలదొక్కుకుంది. మామయ్యని చూసి నవ్వింది కూడా. రెండో చుట్టులోనూ ముందే. ఈసారి చక్రం జానెడు జారింది. కాలు కిందపెట్టి, తిట్టుకుని, మళ్ళీ ఎక్కింది. వెనకవాళ్ళు ఇంకా కనుచూపు మేరలో లేరు. "మిడతా, ఆగు! ముందు చక్రంలో గాలి కాస్త తియ్యి!" అని ఒక్క కేక వేస్తే చాలు. గాలి తగ్గితే టైరు మెత్తబడి వేళ్ళని కొంతైనా కరుచుకుంటుంది. కాసేపు ఆగినా ఆ పిల్లకి నష్టం లేదు. ఆ సంగతి ఆయనకంటే బాగా తెలిసినవాడు ఆ కొండ మీద ఇంకొకడే, వాడు అవతలి పక్క ఉన్నాడు. ఎండ మామయ్య కేక వెయ్యడానికి నోరు తెరిచి, తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు కనుబొమ్మ ఎగరేసి, వినడానికి సిద్ధంగా తల వంచాడు. తెరిచిన నోరు మూతపడింది. మిడత వెళ్ళిపోయింది. ఛీ, పంతానికైనా ఒక హద్దుండాలి!

మూడో చుట్టులో పిల్ల అలసిపోయి ఉంది, అయినా వేగం తగ్గించలేదు. చక్రం మొదటి వేరు మీదే తప్పుకుంది. మనిషీ సైకిలూ కలిసి గట్టుకి కొట్టుకున్నారు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి పరుగెత్తారు. "ముట్టుకోకండి! ముట్టుకుంటే పందెంలోంచి తీసేస్తారు!" అని ఆ పిల్ల అరిచింది. ఒక చెయ్యి వేలాడుతుంటే రెండో చేత్తో సైకిలు లేపుకుంటోంది. ఇంతలో ఇద్దరమ్మాయిలు పక్కనుంచి దూసుకుపోయారు, జట్టులో చోటూ వాళ్ళతోపాటే పోయింది. మొదటి అమ్మాయి సైకిలుకి ముందు పొడుగు బుడిపెలు, వెనక పొట్టి బుడిపెలు. ఎండ మామయ్య చూడకుండా ఉండలేకపోయాడు.

రెండ్రోజుల తర్వాత మిడత కొట్టుకి వచ్చింది. కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది, ఎడమ చంకలో సొట్టపడ్డ ముందు చక్రం. బల్ల మీద పెట్టింది.

"దీని సొట్ట తియ్యి మామయ్యా. నువ్వేం బాధపడకు, తప్పు నాదే. ఎవరో నీళ్ళు ఒలకబోసుంటారు ఆ మలుపులో. నేను చూసుకుని తొక్కాల్సింది."

ఎండ మామయ్య చక్రం అందుకున్నాడు. చక్రం అటూ ఇటూ తిప్పుతూ తల దించుకున్నాడు. చెక్కగోడ అవతల నుంచి నవ్వు వినిపించింది.

"అడగవే! మీ మామయ్య గీత దగ్గరికి రాకుండా ఆ మలుపు దగ్గర ఎందుకు కాపలా కాశాడో అడుగు!"

"చిన్నమామయ్యా, నువ్వు నోరు ముయ్యి," అని మిడత గోడ మీద అరచేత్తో చరిచింది. "పెద్దమామయ్య నోరు చెడ్డదే. టైరు గురించి మాత్రం అబద్ధం చెప్పడు. చెప్పు మామయ్యా, ఆయనకి చెప్పు."

ఎండ మామయ్య చెప్పలేదు. చక్రం తిప్పడం ఆపి ఊచలు లెక్కపెడుతున్నవాడిలా వంగిపోయాడు. జీవితంలో ఎవరి ముందూ అలా వంగలేదు. మిడత ఆయన్నే చూస్తూ నిలబడింది. చూస్తుండగానే ఆ పిల్ల ముఖంలో రంగు మారింది.

"నీకు తెలుసా?" అంది.

ఆయన బల్ల కింద పానా కోసం వెతకసాగాడు.

"తెలుసు. ఆ బురద నీకు తెలుసు." చెక్కగోడ వైపు తిరిగింది. "మరి నువ్వెందుకు నిలబడ్డావు చిన్నమామయ్యా? నువ్వూ అక్కడే ఉన్నావుగా. శనివారం ఈ గోడ అవతలే ఉన్నావు, దగ్గావు కూడా. నాలుగడుగులేసి వచ్చి ఆ ముక్క నాతో అంటే నీ సొమ్మేం పోయేది?"

అవతల నవ్వు ఆగిపోయింది.

"ఇద్దరికీ తెలుసు," అంది మిడత. అరవలేదు. "నేను పడతానని తెలుసు. ఎక్కడ పడతానో కూడా తెలుసు. చూడ్డానికొచ్చి చెరో పక్కా నిలబడ్డారు. ఆ చక్రం ఇటివ్వు."

"సొట్ట తీసిస్తానే తల్లీ..."

"ఇటివ్వు."

ఒంటిచేత్తో లాక్కుని బయటికి నడిచింది. ఎండ కొట్టు దాటింది. వాన కొట్టు గుమ్మంలోకి తమ్ముడు వచ్చి ఏదో అనబోయాడు, ఆయన వైపూ చూడలేదు. చక్రం చంకలో పెట్టుకుని వీధి చివర మలుపు తిరిగింది.

చాలాసేపటికి చెక్కగోడ అవతల నుంచి ఒక గొంతు వచ్చింది. ఈసారి చెట్టుతోనూ కాదు, కొనడానికి వచ్చినవాళ్ళతోనూ కాదు.

"నీ వల్లే."

ఎండ మామయ్య లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు.

"నీ వల్లే," అన్నాడు.

అలా ఇన్నేళ్ళకి అన్నదమ్ముల మధ్య మాటలు మొదలయ్యాయి. ఇప్పటికీ రోజుకోసారైనా ఆ మాట అనుకుంటూనే ఉంటారు, వీధిన పోయేవాళ్ళకి వినిపిస్తూనే ఉంటుంది. మిడతకి మాత్రం వినిపించదు. ఆ వీధిలో పార్సిలు ఉన్న రోజున ఇంకొకరి చేతికిచ్చి పంపి, తను పక్కసందులోంచి చుట్టు తిరిగి పోతుంది.