వయ్యారిభామ కిరీటాలు

మా పావగడ వైపు ఎండాకాలం శివరాత్రికి మొదలై రోహిణి కార్తెతో ముగుస్తుంది. జూన్ ఇరవై ఒకటో తేదీకల్లా మృగశిర కూడా సర్దుకుని వెళ్లిపోతూ ఉంటుంది. పడమటి నుంచి మబ్బులు పరుగున వస్తాయి, మా మీద చుక్క రాల్చకుండా పక్కనే ఉన్న ఆంధ్రా సరిహద్దు దాటేస్తాయి. మాకు మిగిలేది గాలి. మనిషిని తోసేసేంత గాలి. విత్తనపు వేరుశనక్కాయలు ఒలిచి పెట్టుకున్న రైతులు ఆకాశాన్ని తిట్టుకునే రోజులవి. సరిగ్గా అటువంటి రోజున, ఎండాకాలపు నడిమధ్య పండుగ చేసుకుంటామంటూ బెంగళూరు నుంచి పదకొండు మంది మా సోలార్ పార్కుకు వచ్చారు.

అప్పుడు నేను తిరుమణి దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో గెస్ట్ టీచర్‌ని. ఆ పొద్దున యోగా దినమని పిల్లలను వంగదీసి, లేపి, చెమట తుడుచుకుంటుంటే హెడ్మాస్టర్ పిలిచాడు.

"సోలార్ ప్లాంటు నుంచి ఫోన్ వచ్చిందమ్మా. బెంగళూరు మేడంలు వచ్చినారంట. ఈడి మొక్కలు తెలిసిన ముసలామె ఒకరు కావాలంట, ఇంగ్లీషు తెలిసినోళ్లు ఒకరు కావాలంట. మీ పెద్దమ్మను పిల్చుకొని పో."

మా పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. డెబ్భై దాటింది. పంటినొప్పికి ఉత్తరేణి పుల్ల, కడుపునొప్పికి వెంపలి వేరు ఇచ్చి ఊళ్లో సగం మందిని ఆర్ఎంపీ డాక్టరు గడప తొక్కకుండా కాపాడిన మనిషి. ఆ డాక్టరుకు ఆమె మీద ఇప్పటికీ కోపం. ఆమె పొలం అందరి పొలాలతోపాటు ప్లాంటుకు లీజుకు పోయింది. ఇప్పుడామెకు మిగిలింది రెండు మేకలు, వాటి మేత కోసం రోజంతా తిరగడం.

నేను వెళ్లేసరికి వాకిట్లో మేకకు నీళ్లు పెడుతోంది.

"ఈ పొద్దు ఏడాదిలో పొడుగు పగలంట పెద్దమ్మా. సూర్యునికి పండగ చేస్తారంట."

"పగలు పొడుగైతే పని పొడుగు. దానికి పండగేందే?"

"నువ్వు మూలికలు చూపించాలంట."

"యాడ?"

"ప్లాంటు లోపల."

ఆ మాటతో ఆమె చెయ్యి ఆగింది. కంచె వేసిన నాటి నుంచి ఆమె లోపలికి పోలేదు. మేతకని మూడుసార్లు గేటు దాకా వెళ్లి తిట్లు తిని వచ్చింది. ఇంకేమీ అడగకుండా ముఖం కడుక్కుని, పెళ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. పండుగ సంగతి ఆమెకు పట్టనే లేదు.

గేటు దగ్గర కాపలావాడు మా ఊరివాడే. మిగతా రోజుల్లో "అవ్వా, నిన్ను లోపలికి ఇడిస్తే నా పని పోతాది, పోవ్వా" అని తరిమేవాడు. ఆ రోజు లేచి నిలబడి ఆమె మెడలో విజిటర్ చీటీ వేశాడు. కొప్పు మీద పసుపు హెల్మెట్ బోర్లించాడు.

"ఏందిరా ఇది, తట్ట?"

"రూలవ్వా. తల కాపాడుతాది."

"నా పొలంలో నేను దున్నినన్నాళ్లు నా తల బాగానే ఉన్నిందిలే," అంది పెద్దమ్మ. అని హెల్మెట్ సర్దుకుంది కూడా.

లోపల సోలార్ పలకల వరుసల మధ్య ఒక ఖాళీ జాగాలో వాళ్లు చాపలు పరిచి కూర్చున్నారు. అందరూ తెల్ల బట్టలే. మా ఎర్రమట్టిలో కూర్చోవడానికి తెల్లబట్టలు వేసుకొచ్చిన వాళ్లను చూసి ఆ బట్టలు ఉతికే మనిషి మీద నాకు జాలి వేసింది. వాళ్లను నడిపించే మేడం ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉండేదట. ఒకరోజు లోపలి పిలుపు వినబడి ఉద్యోగం మానేసిందట. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఉన్నా కన్నడం 'స్వల్ప స్వల్ప'. గొంతు ఎంత మెత్తగా ఉంటుందంటే, అవతలివాళ్లు మెడ సాచి వినాలి. ఆ గాలిలో సగం మాటలు పలకల మీదుగా వెళ్లిపోయాయి. పెద్ద నష్టమేమీ జరగలేదు.

సూర్యుడు మాత్రం రాలేదు. మబ్బు గొంగడి కప్పినట్టు ఉంది. వాళ్ల వెంట ఉన్న ప్లాంటు ఆఫీసరు ఇబ్బందిగా నవ్వుతూ, "మార్చి, ఏప్రిల్‌లో వచ్చుంటే బాగుండేది మేడం. ఈ నెలలో మాకే కరెంటు తక్కువ," అన్నాడు. మేడం కళ్లు మూసుకుని, సూర్యుడు కనబడనప్పుడే మరింత దగ్గరగా ఉంటాడని చెప్పింది. ఆఫీసరు తలూపాడు. ఆ సంగతి ఆయన మీటర్లకు తెలియదు పాపం.

నిప్పు వెలిగించడానికి ఆఫీసరు ఒప్పుకోలేదు. అందుకని బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తులు పెట్టారు. కనుచూపు మేరంతా సూర్యుడి కోసం పరిచిన పలకలు, మధ్యలో చైనా బ్యాటరీ దీపాలు. కొవ్వొత్తుల చుట్టూ పొట్లాల్లోంచి ఎండు మూలికలు పోశారు. పెద్దమ్మ కొంచెం నలిపి వాసన చూసింది.

"ఇది సబ్బు వాసనొస్తా ఉండాదే. స్నానం ఈడనే చేస్తారా ఏంది?"

నేను ఇంగ్లీషులో, మూలికలు చాలా శుభ్రంగా ఉన్నాయంటోందని చెప్పాను. గెస్ట్ టీచరు ఉద్యోగం ఏడాదికి ఏడాది రెన్యూవల్ మీద నడిచేది. హెడ్మాస్టర్‌కు ప్లాంటు ఆఫీసరు స్నేహితుడు. నా అనువాదంలో ఆ భయం మొదటి నుంచీ ఉంది.

తర్వాత మేడం మఖమలు సంచి విప్పి రాళ్లు బయటకు తీసింది. ఊదా రంగువి, గులాబీ రంగువి, వాటన్నిటికీ రాజులాగా అరచెయ్యంత ఒక తెల్లటి స్ఫటికం. దాన్ని రెండు చేతులా పట్టుకుని పెద్దమ్మ దోసిట్లో పెట్టింది. మొదటిసారి బిడ్డను అందించినట్టు అందించింది.

పెద్దమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పలుగురాయి కదే?"

పలుగురాయే. కాస్త సానబట్టిన పలుగురాయి. మా చేలలో నాగలికి తగిలి చెక్కలయ్యే రాయి. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి పెద్దమ్మ ఏటా దుక్కికి ముందు వాటిని ఏరి, గంపల్లో మోసి, గట్టు మీద పోసింది. ఆ కుప్ప నా చిన్నతనంలో నా కంటే ఎత్తుగా ఉండేది.

"దీన్ని పట్టుకుంటే ఆమెకు ఏమనిపిస్తోందో అడుగు," అంది మేడం.

అడిగాను.

"నడుము నొప్పి," అంది పెద్దమ్మ.

నేను ఒక్క క్షణం ఆలోచించి, "దీని శక్తి తన వెన్నెముకలో తెలుస్తోందంటోంది," అని చెప్పాను. పదకొండు మందీ 'ఆహా' అన్నారు. ఒకామె పుస్తకంలో రాసుకుంది. ఆ రోజు నేను చేసిన రెండో పాపం అది.

మూలికలకని లేచాం. పలకలు కడిగిన నీళ్లు పడేచోట పచ్చగా ఉంది. పెద్దమ్మ వంగి తుమ్మి మొక్క చూపింది, వెంపలి చూపింది, ఉత్తరేణి చూపింది. వాటికి పెద్ద రూపు లేదు పాపం, పల్లెటూరి పిల్లల్లా ఉంటాయి. మేడం చూపు కంచె వెంట విరబూసిన తెల్లపూల మీద పడింది. వయ్యారిభామ. ఆ మొక్కను మా మేకలు కూడా ముట్టవు.

"మేడంను దాని దగ్గరికి పోవద్దని చెప్పు. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి."

ఈసారి నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మేడం నా భుజం మీద చెయ్యి వేసి, "ఏ మొక్కా మనకు శత్రువు కాదు. భయమే శత్రువు," అంది. ఎక్కడో చల్లటి దేశాల్లో ఈ రోజున పూల కిరీటాలు పెట్టుకుంటారట. పదకొండు మందీ చకచకా కోసి, అల్లి, తలల మీద పెట్టుకున్నారు. ఫోటోలు దిగారు. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి ముచ్చటగానే ఉన్నారు.

ఆ సందడిలో పెద్దమ్మ కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే, నాలుగు వరుసల అవతల హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఒకసారి ఉత్తరాన ఉన్న గుట్టను చూస్తోంది, ఒకసారి దాని వెనకాల గుట్టను చూస్తోంది, రెండడుగులు పక్కకు జరుగుతోంది.

"ఏం చేస్తున్నావు పెద్దమ్మా?"

"మన చేను యాడుందో చూస్తాండా. ఆ గుట్ట కొన ఈ గుట్ట మెడకు తగిలితే మన గట్టు." ఇంకో అడుగు జరిగింది. "ఈడ. ఈడ్నే ఉండాల."

అక్కడ గట్టు లేదు. ఒక కరెంటు ఇనుప పెట్టె గుయ్‌మని మోగుతోంది, దాని ముందు నుంచి కంకర దారి పోతోంది. పెద్దమ్మ కాలితో కంకరను కెలికింది. ఎరుపులో తెల్లతెల్లగా పలుగు చెక్కలు కనబడ్డాయి.

"నేను మోసిన రాళ్లే. పగలగొట్టి దారికి పోసినారు," అంది. ఏడవలేదు. "పోనీలే, బాగా అణిగినాయి," అని మాత్రం అంది. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది, గాలికి దుమ్ము పడిందని.

తిరిగి వచ్చేసరికి అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కొక్కరూ స్ఫటికాన్ని పట్టుకుని, తాము సూర్యుడికి వదిలేస్తున్నది చెప్పాలట. ఒకామె కోపాన్ని వదిలేసింది. ఒకాయన తన పాత మేనేజరును వదిలేశాడు. ఇంకొకామె చక్కెరను వదిలేసి, వారానికి ఒక్కరోజు మినహాయింపు అడిగింది. రాయి పెద్దమ్మ దగ్గరకు వచ్చింది.

"ఏం వదుల్తావని అడుగుతున్నారు," అన్నాను.

"నేనేం వదిలేదుండాది? భూమిని వదిలినా కదా. నేను సచ్చినాక గానీ అది తిరిగి రాదంట. నా మేకలకు గడ్డి కోసుకుందామన్నా లోపలికి ఇడిసిపెట్టరు. ఇంగ ఈ రాయి ఒకటుండాది, ఇది కూడా ఆమెదే." అని రాయిని మేడం చేతిలో పెట్టేసింది.

ఆ మాటలను ఒక్క ముక్క పోకుండా ఇంగ్లీషులోకి మార్చాను. రెన్యూవల్ గుర్తొచ్చింది, అయినా మార్చాను. ఆఫీసరు నేలను చూశాడు. అప్పుడు మేడం రెండు చేతులూ గుండెకు ఆనించుకుని, కళ్లు తడి చేసుకుని, "ఎంత అందంగా వదిలేసింది!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్లు మండింది. వాళ్లకు నిజంగానే మండింది. మొదట ఒకామె నుదురు గోక్కుంది, తర్వాత ఆమె పక్కనాయన మెడ గోక్కున్నాడు. మేడం శరీరంలోని విషాలు బయటకు వస్తున్నాయని చెబుతూనే చెవి వెనక బరబరా గోక్కుంటోంది. ఇంతలో గాలి లేచి సబ్బు మూలికలను, చాపలను, కిరీటాలను కలిపి ఎత్తుకుపోయింది. పావగడలో మందుల షాపుకు రెండు కార్లు వెళ్లాయి. పోయేముందు పెద్దమ్మ వాళ్లందరికీ వేపాకు నూరి పట్టు వేసింది. తెల్లబట్టల మీద పచ్చటి మరకలతో, ముఖాలు వాచి, పాపం చాలా బుద్ధిగా వేయించుకున్నారు.

ఇక రారనుకున్నాను. వచ్చారు. రాయి పట్టుకుని మాట్లాడిన పెద్దమ్మ వీడియో ఏదో ఫోన్లలో తిరిగిందట. మరుసటి జూన్‌కు రెట్టింపు మంది దిగారు, 'అమ్మ' ఉండాలని పట్టుబట్టారు.

ఈసారి పెద్దమ్మ ఒక్కతే రాలేదు. వీధిలోని ముగ్గురు ఆడవాళ్లను వెంటేసుకుని, నలుగురూ నాలుగు కొడవళ్లతో వచ్చారు. కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"కొడవళ్లెందుకవ్వా?"

"పూజకు. గరిక కావాల, గడ్డి కావాల. పొడుగు పగలు కదా, మోపులు మోపులు కావాల. మేడంకు చెప్పవే," అంది నా వైపు తిరిగి.

మేడంకు చెప్పాను. గడ్డి లేకపోతే పూజే జరగదని, కోసింది గ్రామంలోని పశువుల నోటికి అందితేనే సూర్యుడు తృప్తి పడతాడని, ఇది మా తాతల నాటి ఆచారమని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మేడంకు ఒళ్లు పులకరించింది. ఆమే వెళ్లి ఆఫీసరుతో మాట్లాడింది. ఆ మధ్యాహ్నం బెంగళూరువాళ్లు కూడా కొడవళ్లు పట్టుకుని మా ఆడవాళ్ల వెనక గడ్డి కోశారు, కొందరు మోపులు నెత్తిన పెట్టుకుని గేటు దాకా మోశారు. మేకలు పదిహేను రోజులు తిన్నాయి.

ఆ పై ఏడు మేడంకు కొండల్లో ఇంకేదో చోటు దొరికింది. జూన్ వచ్చింది, మబ్బులు వచ్చాయి, కార్లు రాలేదు. నా ఉద్యోగం రెన్యూవల్ అయింది. పెద్దమ్మ రెండుసార్లు గేటు దాకా వెళ్లి, తిట్లు తిని తిరిగి వచ్చింది. ఒక సాయంత్రం నన్ను పిలిచి అడిగింది:

"ఆ యమ్మ రాకపోతే ఏంలే. నువ్వే ఇంగ్లీషులో ఇంకో పండగ పెట్టరాదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రాత్రికి మేకలకు ఏం వేయాలా అని ఆలోచిస్తోంది.