అంచుకు రెండు మూరలు

బెల్లంపల్లి బొగ్గుబాయికి తెల్లవారే పోయే సైకిళ్లన్నీ రోడ్డు అంచు పట్టుకుని నీడల్లా జారిపోతాయి. ఎల్లేశం సైకిల్ మాత్రం అంచుకు రెండు మూరల లోపల, తారు మీదే నడుస్తుంది. బాయిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు దొర్లివస్తుంటే గోడకు అతుక్కోవడం వాళ్లందరికీ ఒంటికి పట్టిన అలవాటు. ఒకనాడు ఈ రోడ్డు మీద లారీ చప్పుడు విని ఎల్లేశం తమ్ముడు మొగిలి కూడా అలాగే అంచుకు ఒదిగాడు. అక్కడ గోడ లేదు; విరిగిన తారు ఉంది, కింద వాగు ఉంది. మొగిలి మళ్లీ లేవలేదు. అప్పటినుంచి వెనక హారన్ మోగితే ఎల్లేశం మెడ బిగుస్తుంది కానీ హ్యాండిల్ కదలదు.

ఇవాళ అదే వాగు మీద, పిట్టగోడ లేని ఇరుకు మోరి వంతెనపై, బొగ్గు లారీ అతని వీపు మీదికే వచ్చి ఆగింది.

"రోడ్డు నీ అయ్య ఏసిండా? పక్కకు జరుగు బే," అన్నాడు డ్రైవర్.

"మోరి దాటినంక జరుగుత. గీడ జరిగితే వాగుల పడుత."

డ్రైవర్ దిగివచ్చి సైకిల్ పట్టుకుని ముందు చక్రం గాలి తీసేశాడు. "గిప్పుడు తొక్కు, చూస్త."

ఎల్లేశం సైకిల్ దిగాడు. అంచుకు అదే రెండు మూరల లోపల, దాన్ని మెల్లగా నడిపించసాగాడు. వెనక లారీ అరుస్తూ అతని అడుగుల వెంట పాకింది.