మబ్బు కింద మిరప కళ్లాలు

దెయ్యాలూ శకునాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ వెటకారమే. దసరాకి మా ఫ్లయింగ్ స్కూల్లో విమానానికి బొట్టు పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయలు తొక్కిస్తే, పక్కన నిలబడి నవ్వినదాన్ని నేను. ఆయిలు చూసుకోకుండా నిమ్మకాయలు తొక్కిస్తే ఎగురుతుందా అని అందరి ముందూ అన్నాను కూడా. కాబట్టి ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు.

మాది పర్చూరు దగ్గర పల్లె. నాన్న మిర్చి, పత్తి వేస్తారు. నేను పల్నాడు వైపు ఒక చిన్న రన్‌వే మీద విమానం నడపడం నేర్చుకుంటున్నాను. స్కూలు పేరు చెప్పను. మాకు నేర్పే కెప్టెన్ గారు మిలిటరీలో చేసి రిటైరైన మనిషి. బూట్లకి పాలిష్ లేకపోయినా ఊరుకుంటారు గానీ, వాతావరణం దగ్గర మాత్రం చండశాసనుడు.

మాలాంటి కొత్తవాళ్లు కళ్లతో చూసే నడపాలి. కనీసం అయిదు కిలోమీటర్ల దూరం కనబడాలి, మబ్బుకి ఎడంగా ఉండాలి. మా రన్‌వే నుంచి చూస్తే దూరంగా ఒక పొగగొట్టం ఉంటుంది. అది స్పష్టంగా కనబడితే అయిదు కిలోమీటర్లు ఉన్నట్టు. లేకపోతే ఆ పూట టీ తాగి కూర్చోవడమే. "మబ్బుతో బేరాలు పెట్టుకోకమ్మాయ్" అనేవారు కెప్టెన్ గారు.

మిరప కోతలు జోరుగా ఉన్న రోజులవి. సాయంత్రానికి మబ్బు పట్టొచ్చన్నారు గానీ, పొద్దున పొగగొట్టం శుభ్రంగా కనబడుతోంది. పర్చూరు దాకా ఒంటరిగా వెళ్లి రమ్మని పంపారు. మా ఊరి మీద నుంచి పోతానని రాత్రే అమ్మకి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను.

వెళ్లేటప్పుడు అంతా బాగానే ఉంది. తిరిగి వస్తుంటే ఎదురుగా తెల్లగా మూసుకు రావడం మొదలైంది. సాయంత్రం రావలసిన మబ్బు పొద్దున్నే దిగింది. దానికి తోడు ఎవరో పత్తి కట్టె తగలబెట్టిన పొగ. నేర్పినట్టే వెంటనే వెనక్కి తిరిగాను. వెనకా అలాగే ఉంది. పక్కకి తిరిగాను, అక్కడా అంతే.

ఫోన్లో మ్యాప్ చూసుకోవచ్చు కదా అని ఇప్పుడు అందరూ అడుగుతారు. కళ్లు దించితే చాలు, రెక్క ఒరిగిపోతోంది. విమానం తిన్నగానే పోతోందని ఒళ్లు చెబుతుంది, మీటరేమో కాదంటుంది. దిక్సూచి దిక్కు చూపిస్తుంది గానీ మనం ఎక్కడున్నామో చెప్పదు. అన్ని మలుపులు తిరిగాక నేనెక్కడున్నానో నాకే తెలియదు.

రేడియోలో అదే చెప్పాను. కెప్టెన్ గారి గొంతు మామూలుగానే ఉంది. "రెక్కలు తిన్నగా ఉంచు. తొందరపడి కిందకి దిగకు. నేల కనబడితే చెప్పు." ఇక్కడా మూసుకొస్తోందని ఆయన అనలేదు, కానీ నాకు అర్థమైంది. చచ్చిపోతానని నిజంగా భయం వేసింది. అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అప్పుడు తిన్నగా కిందకి చూస్తే, తెలుపులో ఒక సందు. అందులో ఎర్రగా నలుచదరంగా ఒక మిరప కళ్లం. ఆరబోసిన కాయ ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, అందులోనే పుట్టి పెరిగాను. అది వెనకబడిపోయే లోపల కాస్త ఎడమగా ఇంకొకటి కనబడింది. దాని మీదకి వెళ్లేసరికి మరొకటి. పొలాలు కనబడవు, చెట్లు కనబడవు, రోడ్డు కనబడదు. ఎరుపు ఒక్కటే కనబడుతోంది. ఒకదాని తరవాత ఒకటి పట్టుకుని పోయాను. చివరి కళ్లం దాటగానే కింద మబ్బు పలచబడి, ముందర మా రన్‌వే అంచు కనబడింది.

దిగాను. కెప్టెన్ గారు తిట్టలేదు, మంచినీళ్లు ఇచ్చారు. ఎలా వచ్చావని అడిగితే కళ్లాలు చూసుకుంటూ వచ్చానన్నాను. ఆయన నా మొహం వంక అదోలా చూశారు.

సాయంత్రం చినుకులు తగ్గాక నన్ను స్కూటరెక్కించుకుని రన్‌వే అవతలి పొలాలకి తీసుకెళ్లారు. కళ్లాలన్నీ నల్ల టార్పాలిన్ పట్టాల కింద ఉన్నాయి. అంచుల మీద రాళ్లు పెట్టి ఉన్నాయి. అక్కడున్న ఒక పెద్దావిడని పొద్దున కాయ ఎప్పుడు కప్పారని అడిగాను.

"తీస్తే గదమ్మా కప్పటానికి! రాత్రి మంచుకి కప్పిందే. సాయంత్రానికి వానొస్తదని పొద్దున్నే ఫోన్లకి మెసేజ్ వచ్చె, ఈ చుట్టుపక్కల ఒక్కళ్లు గూడా పట్టా తియ్యలా."

మిరప రైతు కూతుర్ని నేను. మబ్బు దిగిన పూట కాయ ఎవరూ విప్పరని నాకు తెలియదా? వెళ్లేటప్పుడు కూడా కింద ఎక్కడా ఎరుపు చూసిన గుర్తు లేదు.

తిరిగొస్తూ కెప్టెన్ గారు అన్నారు: "భయంలో బుర్ర తనకి బాగా తెలిసిన గుర్తుల్నే చూపిస్తుందమ్మాయ్. మిగతాది దిక్సూచీ, నీ అదృష్టమూ." సబబుగానే అనిపించింది. ఆ మాట పట్టుకునే ఆ రాత్రి నిద్రపోగలిగాను. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం.

మర్నాడు పొద్దున కెప్టెన్ గారూ నేనూ క్యాంటీన్లో టీ తాగుతుంటే నేహా వచ్చి కూర్చుంది. భోపాల్ నుంచి మా స్కూలుకి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. ముందురోజు ఇంకో టీచరు గారితో ఎగిరి, అదే మబ్బులో చిక్కుకుని, నా తరవాత కాసేపటికి దిగింది. టీచరు గారు మీటర్లు చూస్తూ నడుపుతుంటే కింద చూడటం నేహా వంతట. మిరప కళ్లం అనేది జన్మలో చూసిన పిల్ల కాదు. వచ్చీరాని తెలుగులో నన్ను అడిగింది:

"అక్కా, నిన్న పొలాల్లో అన్ని ఎర్ర దుప్పట్లు ఎందుకు పరిచారు? అవి చూసే సార్‌కి దారి చెప్పాను."

కెప్టెన్ గారు గ్లాసు కింద పెట్టేశారు.

వాటిని ఎవరు పరిచారో, ఎందుకు పరిచారో నాకు ఇవాళ్టికీ తెలియదు. మేం ముగ్గురం క్షేమంగా దిగామని మాత్రం వాళ్లకి ఎలాగైనా తెలిస్తే బాగుండునని ఉంటుంది.