ఉత్తరాల అక్క, వెనక తలుపు

మా ఆఫీసులో ఆమెను అందరూ ఉత్తరాల అక్క అనేవారు. జనం కంపెనీకి కాగితం మీద ఉత్తరాలు రాసే రోజుల్లో, ఇరవై రెండేళ్ల వయసులో, వాటిని విప్పి చదివి ఏ విభాగానివి ఆ విభాగానికి పంపే పనిలో చేరింది. ఉత్తరాలు పోయి మెయిళ్లు వచ్చాయి, మెయిళ్లు తగ్గి కామెంట్లు వచ్చాయి. ఆమె కుర్చీ మారలేదు, పేరూ మారలేదు. మూడో అంతస్తులో లిఫ్టు మోటారు పక్కనే ఆమె గది. లిఫ్టు కదిలినప్పుడల్లా టేబుల్ మీది గ్లాసులో నీళ్లు వణికేవి. ముప్పై ఏళ్లుగా అక్కడే కూర్చుని మా కార్లు కొన్నవాళ్ల తిట్లూ దీవెనలూ చదివింది. తాను మాత్రం బస్సులో వచ్చేది.

మా కార్లు మామూలు వాళ్లు కొనేవి కావు. మూడు తరాల పేరు. ముందు భాగంలో వెడల్పాటి వెండి జాలీ, దాని పైన రెక్కలు విప్పిన కొంగ బొమ్మ. ఆ కొంగను చూసి జనం దారి ఇచ్చేవారట. ఆ ఏడాది కొత్తగా వచ్చిన డిజైన్ పెద్దాయన జాలీని తీసేశాడు. కొంగను నాలుగు గీతలు చేసి బానెట్‌కు అతికించాడు. తలుపులకు పిడులు పోయి, వేలు తగిలిస్తే తెరుచుకునే పలకలు వచ్చాయి. లోపల పైకప్పు అంచున ఉండే పట్టుపిడి కూడా ఎగిరిపోయింది. ఎక్కడా ఏదీ పొడుచుకు రాకూడదు, గీత తెగకూడదు అన్నది ఆయన పట్టుదల.

ఫొటోలు బయటికొచ్చి, కారు షోరూముల్లోకి దిగిన రోజే జనం ఏకిపారేశారు. చక్రాలున్న ఫ్రిజ్ అన్నారు. అరిగిపోయిన సబ్బుబిళ్ల అన్నారు. రోడ్డు రోలర్ కింద పడి కొంగ కన్నుమూసిందని ఒకాయన సంతాప సందేశం రాస్తే లక్షమంది కడుపుబ్బ నవ్వుకున్నారు. నెల తిరిగేసరికి నలభై వేల కామెంట్లు పోగుపడ్డాయి.

వాటిని చదివే పని నాది. అంటే నా కంప్యూటర్ ప్రోగ్రాముది. తిట్టయితే ఎరుపు గుట్టలోకి, పొగడ్తయితే పచ్చ గుట్టలోకి అదే తోసేస్తుంది. తిట్లలో నూటికి డెబ్బై కొంగ గురించేనని తేల్చి, రంగురంగుల పటం గీసి పై అంతస్తుకు పంపాను. కొంగను మళ్లీ నిలబెడదామా అని పెద్దలు తర్జనభర్జన మొదలుపెట్టారు. డిజైన్ పెద్దాయన ఒంటికాలి మీద లేచాడనీ, రాజీనామా మాట కూడా ఎత్తాడనీ మాకు తెలిసింది.

ఉత్తరాల అక్కను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె మాత్రం అలవాటు కొద్దీ మొదటి కామెంట్ నుంచి చదువుకుంటూ పోయింది. ఒకరోజు మధ్యాహ్నం చేతిలో నోటుపుస్తకంతో నా దగ్గరికి వచ్చి, పచ్చ గుట్ట ఒకసారి తెరవమంది. తెరిచాను. వేలితో ఒక సందేశం చూపించింది.

"కారు చాలా అందంగా ఉంది. షోరూములో ఎంతో మర్యాదగా చూశారు. మా అమ్మగారిని వెనక సీట్లోంచి దింపడానికి మాత్రం ముగ్గురం కావలసి వచ్చింది. ధన్యవాదాలు."

"ఇది పొగడ్తా తమ్ముడూ?" అంది.

అందం, మర్యాద, ధన్యవాదాలు. మూడు మంచి మాటలు కనిపించేసరికి నా ప్రోగ్రాము దాన్ని పచ్చ గుట్టలోకి తోసేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. అలాంటివి ఆమె అప్పటికే రెండు వందల పన్నెండు ఏరి పెట్టింది. రాసినవాళ్లు డ్రైవర్లు, ఇంట్లో ఉండి పెద్దవాళ్లను చూసుకునే నర్సులు, కోడళ్లు, అల్లుళ్లు. అందరూ మెత్తగానే రాశారు. తలుపు కింది గడప ఎత్తుగా ఉందని ఒకరు, లేవబోతే చేతికి ఆసరా లేదని ఇంకొకరు. మన కారు కొనేవాళ్లు చాలామంది అరవై దాటినవాళ్లు, నడిపేవాళ్లు కారు, వెనక కూర్చునేవాళ్లు అని ఆమె నాకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. కొంగ గురించి నవ్వినవాళ్లలో ఈ కారు ఎక్కేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు అంది.

అక్కడితో ఆగలేదు. ఆదివారం వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని షోరూముకు వెళ్లింది. ఆయనకు ఎనభై ఒకటి. ముప్పై నాలుగేళ్లు ఒకే ఇంట్లో డ్రైవరుగా మా కంపెనీ కారే నడిపాడు. ఉతికిన చొక్కా వేసుకుని, బూట్లు తుడుచుకుని వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక సీట్లో కూర్చున్నాడు. బాగుందన్నాడు. లేవమంటే లేవలేకపోయాడు. చెయ్యి పైకి చాపి, పిడి ఉండే చోట తడుముకున్నాడు. నున్నటి తోలు తప్ప ఏమీ తగల్లేదు. చివరికి కూతురూ సేల్స్‌మనూ చెరో చెయ్యీ పట్టి లేపారు.

"ముప్పై నాలుగేళ్లు వెనక తలుపు తీశాను గానీ తల్లీ, వెనక కూర్చునేవాళ్ల అవస్థ ఇవాళే తెలిసింది" అన్నాడట ఆయన, బట్టలు సవరించుకుంటూ. ఆ మాట కూడా ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది.

సోమవారం మా మేనేజరుకు చెబితే ఆయన పెదవి విరిచాడు. నలభై వేలలో రెండు వందలు ఏ మూలకని, నివేదిక పైకి వెళ్లిపోయింది కదా అని మాట దాటేశాడు. గురువారం పెద్ద మీటింగులో పటాలు చూపించాల్సింది నేనే. తెరమీద పటాలు మార్చడానికి సాయం కావాలని చెప్పి, ఆమెను నా వెంట తీసుకెళ్లాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

పొడవాటి బల్ల. ఒక చివర ఛైర్మన్ గారు, డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఆయన పక్కన ముఖం గంటు పెట్టుకుని డిజైన్ పెద్దాయన. నేను మొదటి పటం చూపించి, మిగతాది ఈవిడ చెబుతారు అన్నాను. మా మేనేజరు నన్ను కొరికేసేలా చూశాడు. ఉత్తరాల అక్క లేచి నిలబడింది. నోటుపుస్తకం తెరిచింది. ఒక డ్రైవరు రాసింది చదివింది, ఒక నర్సు రాసింది చదివింది, ఒక కోడలు రాసింది చదివింది. ఏడో సందేశం దగ్గర డిజైన్ పెద్దాయన అడ్డొచ్చి, అక్కడ పిడి పెడితే పైకప్పు గీత పాడైపోతుందని, అదే ఈ కారుకు ప్రాణమని అన్నాడు.

"గీత పట్టుకుని ఎవరూ లేవలేరు సార్" అంది ఆమె. ఎగతాళిగా కాదు, మామూలుగానే. తర్వాత ఛైర్మన్ గారి వైపు తిరిగింది. "మీరు నెల రోజులుగా ఈ కారులోనే వస్తున్నారు కదండీ. పొద్దున ఎలా దిగారు?"

గదిలో అందరూ బిగుసుకుపోయారు. ఛైర్మన్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"డ్రైవరు భుజం పట్టుకుని దిగానమ్మా" అన్నారు. "రోజూ అంతే. నా మోకాళ్లదే తప్పనుకున్నాను."

ఆ తర్వాత వాదన లేదు. అందరం కిందికి, కార్లు ఆగే చోటికి వెళ్లాం. డిజైన్ పెద్దాయన వెనక సీట్లో కూర్చుని, మోకాళ్లు సహకరించని మనిషిలా చేతులు ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగకుండా లేవబోయి మూడుసార్లు వెనక్కి కూలబడ్డాడు. నాలుగోసారి ప్రయత్నించలేదు. అలాగే కూర్చుని, ఆ రెండు వందల పన్నెండూ తనకు కావాలని అడిగాడు. మూడు రోజులు గది తలుపు వేసుకుని చదివాడని విన్నాం.

ఐదు నెలల్లో కారు మారింది. గడప రెండంగుళాలు దిగింది. పైకప్పు అంచున తోలు చుట్టిన పట్టుపిడి వచ్చింది, చేతికి అందేలా, మనిషి బరువు మోసేలా. వెనక తలుపుకు చేతినిండా పట్టుకునే పిడి వచ్చింది. నిజం చెప్పాలంటే గీత ఏమీ పాడవలేదు. డిజైన్ పెద్దాయనే ఆ మాట నలుగురిలో ఒప్పుకున్నాడు. ప్రకటనలకు ముందు ఆ రెండు వందల పన్నెండు మందికీ జవాబు వెళ్లాలని ఉత్తరాల అక్క పట్టుబట్టింది. ఒక్కొక్కరికీ తనే రాసింది, వాళ్లు చెప్పిన మాట వాళ్లకే గుర్తుచేస్తూ.

జవాబు అందుకున్న ఒక ఇంటి నుంచి తొంభై ఏళ్ల రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ ఒకామె మనవరాలితో షోరూముకు వచ్చింది. కూర్చుంది. పిడి అందుకుంది. పక్కకు వచ్చిన మనవరాలి చేతిని తోసేసి, తనంతట తనే లేచి నిలబడి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. మనవరాలు తీసిన ఆ చిన్న వీడియోను సబ్బుబిళ్ల అని నవ్విన జనమే ఊరూరా పంచుకున్నారు. వెక్కిరించిన పత్రికలు మొదటి పేజీలో ఆవిడ ఫొటో వేశాయి. కొంగ సంతాపం రాసినాయన కూడా, మా నాయనమ్మను తీసుకెళ్లి చూపిస్తాను అని రాశాడు. బల్లపరుపు కొంగ అలాగే ఉండిపోయింది. దాని ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఫొటో వచ్చిన రోజు మూడో అంతస్తంతా ఆమె గదిలోకి దూరింది. ఛైర్మన్ గారు మెట్లెక్కి వచ్చి అందరి ముందూ ఆమెకు నమస్కారం పెట్టారు. వాళ్ల నాన్న ఫోన్‌లో, నీ పేరు పేపర్లో వేశారా అని అడిగాడట. వేయలేదు నాన్నా అంటే, పోనీలే, నేను వీధి వీధంతా చెప్పేశాను అన్నాడట.

మరుసటి వారం డిజైన్ వాళ్లు ఆమెను కింద హాల్లోకి పిలిచారు. తరువాతి కారుకు అసలు సైజులో చేసిన మట్టి నమూనా అక్కడ ఉంది, ఇంకా బయటివాళ్లెవరూ చూడనిది. ఆమె చెప్పులు విడిచి, దాని చుట్టూ నెమ్మదిగా నడిచింది. వెనక తలుపు అద్దం వచ్చే చోట ఆగి, కాస్త వంగి చూసింది.

"ఇక్కడ కూర్చున్నవాళ్లకి వీధి కనపడదండీ" అంది.

డిజైన్ పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.