మా అక్క మొక్కుకోని మొక్కు

ఈ రోజు పొద్దున పదిన్నరకు మా అక్క గూడూరు స్టేషన్ నుంచి ఫోన్ చేసింది. వెనక టీ అమ్మేవాళ్ల కేకలు, ఏదో బండి ఆలస్యంగా నడుస్తోందని మైకు, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు. వాటన్నిటి మీదుగా, చివరి బెంచీకి కూడా వినపడేలా పాఠం చెప్పే గొంతుతో మా అక్క: “ఒరే, గూడూరులో దిగినాను. జనం ఈగల మాదిరి ఉండారు. గుండె దడదడా కొట్టుకుంటా ఉండాది. కొట్టుకోనీ, దాని పని అది చేసుకుంటాది. నువ్వు నీ పని చేస్తా ఉండావా లేదా?” చేస్తున్నాను అన్నాను. “సాయంత్రం బండికి వచ్చేస్తా. వచ్చేలోపల రాసి పెట్టుండాల,” అని ఫోన్ పెట్టేసింది. పాత స్నేహితురాలిని చూడటానికి ఆమె తిరుపతి నుంచి ఒక్కతే రైలెక్కి వెళ్లింది. చాలామందికి ఇదొక వార్త కాదు. మా వీధిలో మాత్రం పొద్దున్నుంచీ ఇదే వార్త. నేను చేయాల్సిన పని ఇదిగో, ఇప్పుడు మీరు చదువుతున్నదే.

మా అక్క ఊరి బయట ఒక బడిలో లెక్కల టీచరు. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. పెళ్లి వద్దనుకుంది, ఎందుకని అడిగినవాళ్లకు ఎందుకు చేసుకోవాలో చెప్పమనేది, వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు. అమ్మానాయనలు పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే. వీధిలో ఆమె నడక చూసి గడియారం సరిచేసుకోవచ్చు అనేది ఎదురింట్లో ఉండే మా మేనత్త. తన క్లాసులో ఒక నియమం పెట్టుకుంది. రెండో గంట కొట్టాక వచ్చిన పిల్లల్ని బయట నిలబెట్టదు, గుంజీలు తీయించదు. లోపలికి రానిస్తుంది, కూర్చోబెడుతుంది, పాఠం చెబుతుంది. కానీ హాజరు మాత్రం వేయదు. ఎంత బతిమాలినా వేయదు. చిన్నప్పుడు అదే బడిలో రెండేళ్లు చదివాను కాబట్టి ఈ నియమం నాకు సొంత అనుభవం.

ఆమెకు మొదటిసారి అది వచ్చింది బస్సులో. శనివారం, కొండకు వెళ్లే జనంతో కిటకిటలాడే బస్సు, రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. ఎండ, చెమట, తలనీలాలు తీయించుకోబోయే ఎవరిదో బిడ్డ మోకాలు తన పక్కటెముకల్లో. ఉన్నట్టుండి గుండె పరిగెత్తిందట, చేతులు తిమ్మిరెక్కాయట, ఊపిరి సగంలో నిలిచిపోయిందట. చచ్చిపోతున్నాను అనుకుంది. దించెయ్యండని అరిచి, దిగి, రైలు పట్టాల పక్క కంకర మీద కూర్చుంది. ఆస్పత్రిలో గుండె పరీక్షలు చేశారు. గుండె బాగుంది అన్నారు. ఏమీ లేదన్న మాటే మాకు దయ్యమైంది. ఏమీ లేకపోతే మళ్లీ ఎందుకు వస్తుంది? మళ్లీ వచ్చింది, ప్రార్థన సమయంలో, పిల్లల ముందు. తర్వాత కూరగాయల అంగట్లో. ఆమె ఒక్కో చోటూ మానేసింది. ముందు బస్సు, తర్వాత బడి, తర్వాత అంగడి, తర్వాత వీధి. ఆరు నెలల్లో మా అక్క ప్రపంచం తలవాకిలి లోపల సరిపోయింది. నిమ్మకాయలు తిప్పాం, తాయెత్తు కట్టాం. ఎవరో మంచి మనసుతో “ధైర్యంగా ఉండమ్మా” అన్నారు. ధైర్యం లేనిది ఆమెకు కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడే నా పెళ్లి కుదిరింది. చిత్తూరు సంబంధం. పెళ్లి వాళ్ల ఊళ్లో, కల్యాణమంటపంలో. అక్క రాలేనంది. పెళ్లికొడుకు సొంత అక్క ముహూర్తానికి లేకపోతే అడగరా? అడిగారు. కాబోయే మామగారు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, “ఏమీ అనుకోబాకబ్బా, మీ ఇంట్లో ఎవరికన్నా తల తిరుగుడు ఏమన్నా ఉండాదా?” అన్నారు. మా అక్కకు ఒంట్లో బాగాలేదు అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నేను చెప్పలేదు. “మా అక్క మొక్కుకునింది మామా. నా సంసారం కుదురుకునేదాకా గడప దాటనని,” అన్నాను. అంత ధారాళంగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మా వైపు మొక్కు అన్న మాటకు తర్వాత ప్రశ్న ఉండదు. ఆఫీసులో నాలుగు రోజులు కనపడకపోయినా, పెళ్లికి ముందు రోజు గుండుతో వచ్చినా, చెప్పుల్లేకుండా నడిచినా, మొక్కు అంటే చాలు, అడిగినవాడే చేతులు జోడిస్తాడు. మామగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంటపమంతా ఆ మాట పాకింది. మా మేనత్త ఆ సాయంత్రమే తిరుపతి తిరిగొచ్చి, పెళ్లి అక్షింతలు పట్టుకుని నేరుగా మా ఇంట్లోకి వెళ్లి, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నదైన మా అక్క కాళ్ల మీద పడింది. మరుసటి రోజు నేను కొత్త పెళ్లాంతో గుమ్మంలోకి వచ్చేసరికి అక్క హారతి పళ్లెంతో నిలబడి ఉంది. గడప దాటకుండా, ఒక అడుగు లోపలే. నావైపు చూసింది. లెక్క తప్పు చేసి, జవాబు సరిగ్గా చూపించిన పిల్లవాడిని చూసినట్టు చూసింది.

అబద్ధానికి వయసొచ్చేకొద్దీ తిండి ఎక్కువ కావాలి. కొడుకు పుట్టాడు, సంసారం కుదురుకుంది, ఇక మొక్కు తీర్చాలి కదా అంది మేనత్త. బిడ్డ పుట్టువెంట్రుకల దాకా అన్నాను. అవీ అయ్యాయి. నా ప్రమోషన్ దాకా అన్నాను. శుక్రవారాలు ఆడవాళ్లు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు, పసుపు కుంకుమలతో, పెళ్లికాని కూతుళ్లతో. తిరుచానూరులో కట్టిన పూలు తెచ్చి మా వీధి మొదట్లో అమ్మే ఆమె ప్రతి శుక్రవారం ఒక మూర కనకాంబరాలు ఊరికే ఇచ్చి పంపేది. మా అక్క వాళ్లందరి ముందు గోడకు ఆనుకుని కూర్చునేది. ఈ మధ్య ఒకసారి, అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాను. “అప్పుడు నాకూ అది నీడగానే ఉండిందిరా. పిచ్చిదనే దానికన్నా మొక్కనేది మేలు కదా అనుకున్నా. నీ మీదకన్నా నాకు దానిమీదే కోపం జాస్తి,” అంది. మళ్లీ తనే, “నీ మీదా తక్కువేం లేదులే,” అని సరిచేసింది.

తొమ్మిదేళ్లు ఇలా గడిచాక ఒక మధ్యాహ్నం వంటింట్లో గ్యాసు లీకైంది. నా భార్య పొయ్యి ఆర్పి, పిల్లవాడిని వీధిలోకి తోసి, వెనక్కి పరిగెత్తింది. అక్క తలవాకిలి దగ్గర రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. “రా వదినా, మొక్కు సంగతి దేవుడు చూసుకుంటాడు, రా!” అని నా భార్య చెయ్యి పట్టి లాగితే, మా అక్క పళ్లు కరుచుకుని అందట: “మొక్కూ లేదు మన్నూ లేదుమే. నాకు భయం. బయట అడుగుపెడితే సచ్చిపోతాను.” ఇంట్లో ఉన్నా చచ్చిపోయే రోజు అది. సిలిండర్ కట్టేయడానికి పక్కింటాయన వచ్చాడు కాబట్టి సరిపోయింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి వదినా మరదళ్లు పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. నా భార్య నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు మాట్లాడింది: “డాక్టరు దొరికింది. ఇంటికి వస్తుంది. నువ్వు కాఫీ పెట్టు.”

ఆ మానసిక వైద్యురాలు మా ఇంట్లో గంటసేపు ఉంటే, తొమ్మిదేళ్లలో మేము అర్థం చేసుకోనిది కాఫీ చల్లారేలోపు చెప్పింది. “మీకు వీధంటే భయం కాదమ్మా. వీధిలో ఉన్నప్పుడు ఆ దడ వస్తే ఎలా బయటపడాలి, ఎవరు పట్టుకుంటారు అన్న భయం. అంటే భయానికి భయపడుతున్నారు. దడ అలలాంటిది. లేస్తుంది, పడుతుంది. మీరు ప్రతిసారీ అది పడేలోపే ఇంట్లోకి పరిగెత్తారు. ఇంట్లోకి వచ్చాం కాబట్టి బతికాం అని మనసు నేర్చుకుంది. ఇప్పుడు అది తప్పని నేర్పాలి, కొంచెం కొంచెంగా.” కొన్ని నెలలకు ఒక మాత్ర రాసింది. తర్వాత కాగితం మీద ఒక నిచ్చెన గీయించింది. కింది మెట్టు మీద ‘గేటు దగ్గర ఐదు నిమిషాలు’. దానిపైన ‘మిద్దె మీదికి’. ఆపైన పూలంగడి, బడి, తిరుచానూరు బస్సు, చిత్తూరు. అన్నిటికన్నా పైన, ‘ఒక్కదాన్నే రైల్లో’. దడ వచ్చినా సరే, అది దానంతట అది తగ్గేదాకా అక్కడే నిలబడాలి. అదే మందు.

మొదటి రోజు మా అక్క గేటు దగ్గర మూడు నిమిషాలు నిలబడింది. చీర కొంగు చెమటతో తడిసిపోయింది. నాలుగో నిమిషంలో ఎదురింటి నుంచి మేనత్త ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. “ఏం పని చేస్తివి తల్లీ! తొమ్మిదేండ్ల మొక్కు చెడగొట్టుకుంటావా? పో, లోపలికి పో!” అని రెండు చేతులతో మా అక్కను లోపలికి తోసి, గేటు వేసి, గొళ్లెం పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. ఆ గొళ్లెం చప్పుడుకు మా అక్క ముఖంలో భయం పోయి ఇంకొకటి వచ్చింది. దాన్ని నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు, తర్వాత ఎన్నోసార్లు చూశాను.

ఆ సాయంత్రం బీరువాలోంచి పాత హాజరు పట్టీ ఒకటి తీసింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఎవరెవరికి మొక్కు అని చెప్పావో చెప్పు అంది. చెప్పాను. రాసుకుంది, వరస సంఖ్యతో. నలభై ఒక్క పేర్లు వచ్చాయి. “ఇంగ యినుకో. నేను ఒక అడుగు ఏసే ముందు నువ్వు నాకన్నా ముందు పోవాల. పోయి, ఆడుండే వాళ్లకు నీ నోటితో చెప్పాల, మా అక్కకు జబ్బు, మొక్కు లేదు, నేను అబద్ధం చెప్పినాను అని. పది మందిలో చెప్పాల. గుసగుసలు పనికిరావు.” కొంచెం టైమివ్వమన్నాను. “తొమ్మిదేండ్లు ఇచ్చినా గదరా,” అంది. డాక్టరమ్మకు ఫిర్యాదు చేశాను. ఆమె నవ్వాపుకుని, “ఇది నా చికిత్సలో లేదు. అయినా నాకు అభ్యంతరం లేదు,” అంది.

మొదటి పేరు మేనత్తది. చెప్పాను. అత్త నమ్మలేదు, తర్వాత నమ్మింది, తర్వాత చెప్పు తీసింది. మరుసటి రోజు నుంచి గేటు దగ్గర అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నిమిషాలు లెక్కపెట్టింది మాత్రం ఆమే. రెండో మెట్టు మిద్దె. నెత్తిన ఏమీ లేని ఆకాశం మా అక్కకు గేటుకన్నా కష్టమైంది. శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగిరినప్పుడల్లా వీధంతా మిద్దెలెక్కి అరిచే అరుపుల్ని ఆమె ఇన్నేళ్లూ వంటింట్లోంచే వింది. అలాంటి ఒక రోజునే ఎంచుకుని ఎక్కింది. అటు మిద్దెలవాళ్లు, ఇటు మిద్దెలవాళ్లు చూస్తుండగా నేను గొంతెత్తి నా తప్పు చెప్పుకుంటుంటే, తూర్పున నిప్పు గీత లేచింది. జనం ఈలలు వేశారు. ఎవరికోసమో నేను అడగలేదు. పూలామె వంతు వచ్చినప్పుడు ఆమె బుట్టలోంచి తల ఎత్తకుండా, “అయితే ఇన్నేండ్లూ నా పూలు మోసకారికి కట్టిస్తినా సామీ?” అని, అక్క వైపు తిరిగి, “టీచరమ్మా, నీకు ఇచ్చిందానికి నాకు బాధ లేదు. జబ్బుకైనా పూలిస్తారు గదా,” అంది. మా అక్క ఆ రోజు అక్కడ అరగంట నిలబడింది. నిజానికి పది నిమిషాలు చాలు. మిగతా ఇరవై నిమిషాలు, అటు పోయేవాళ్లు నన్ను చూడటానికి.

చిత్తూరుకు వెళ్లడానికి ఆమె మామగారి ఇంట్లో శ్రీమంతం రోజును ఎంచుకుంది. ఇంటి నిండా బంధువులు. బస్సులో రెండుసార్లు దడ వచ్చింది. నా చెయ్యి పట్టుకోలేదు, ముందు సీటు కమ్మీని పట్టుకుంది. ఇంట్లోకి వెళ్లాక నన్ను హాలు మధ్యలోకి తోసింది. చెప్పాను. మామగారు కండువాతో ముఖం తుడుచుకుని, “అల్లుడా, ఆపొద్దు నేను అడిగినా గదా, మీ ఇంట్లో ఎవరికన్నా తల తిరుగుడు ఉండాదా అని. ఉండాదని చెప్పింటే అయిపోయేది. ఆమెకు కాదబ్బా, నీకు,” అన్నారు. మా అక్క ఆ ఇంట్లో రెండు సార్లు పాయసం వేయించుకుంది. తొమ్మిదేళ్లలో ఆమె అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు. ఆ నవ్వు నాకు తగిలింది. తగలాలనే నవ్వింది.

నిన్న రాత్రి భోజనాలయ్యాక ఆమె ఆ పట్టీ నా ముందు పెట్టింది. నలభై ఒక్క పేర్లకూ ఎర్ర సిరాతో హాజరు పడి ఉంది. నలభై రెండో వరసలో పేరు లేదు, ‘ఆ పొద్దు’ అని మాత్రం ఉంది. నాకు అర్థమైంది. ఆమెకు గుర్తుండదని ఇన్నాళ్లూ అనుకున్నాను.

జబ్బు మొదలైన మూడో ఏడు. తెల్లవారి ఆరు గంటలు. నేను పళ్లు తోముకుంటూ బయటికొచ్చేసరికి మా అక్క తనంతట తానే, ఏ డాక్టరూ చెప్పకుండా, గేటు తీసుకుని వీధిలో నాలుగు అడుగులు నడిచి నిలబడి ఉంది. వణుకుతోంది. కానీ వెనక్కి తిరగడం లేదు. నన్ను చూసి నవ్వబోయింది. ఆ రోజు మామగారు చిత్తూరు నుంచి మొదటి బస్సుకు వస్తున్నారు. నేను పరిగెత్తి భుజాలు పట్టుకుని, “ఈ రోజు వద్దక్కా, మామ వస్తా ఉండాడు, చూస్తే నా పరువు పోతాది,” అని ఆమెను లోపలికి తీసుకొచ్చాను. తోశాను అనాలి. అత్తలాగే గొళ్లెం పెట్టాను. అత్త ప్రేమతో పెట్టింది. ఆ తర్వాత ఆరేళ్లు ఆమె గేటు వైపు పోలేదు. ఇది నేను నా భార్యకు చెప్పలేదు, డాక్టరుకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. “దీన్ని ఏ ఇంటికి పోయి చెప్తావు? ముక్కూమొగం తెలీనోళ్లందరికీ చెప్పు. రాసి అచ్చు వెయ్యి,” అంది అక్క నిన్న రాత్రి.

రాశాను. సాయంత్రం బండి వచ్చే వేళైంది. స్టేషన్‌కు వస్తానంటే వద్దంది, ఆటోలో ఒక్కతే వస్తుందట. నేను గేటు బార్లా తీసి పెట్టి, ఈ కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. ఎదురింటి అరుగు మీద మేనత్త గడియారం చూసుకుంటోంది. అక్క వస్తుంది, ఎర్ర సిరా కలంతో చదువుతుంది, తప్పులు దిద్దుతుంది, రాత్రికి నా కంచంలో అన్నమూ వడ్డిస్తుంది. క్షమించావా అక్కా అని మాత్రం నేను అడగను. జవాబు నాకు ఆరో తరగతి నుంచీ తెలుసు. రెండో గంట కొట్టాక వచ్చినవాళ్లను లోపలికి రానిస్తారు గానీ, హాజరు వేయరు.