బాగున్న రోడ్డు

మా ఊరి నుంచి చోడవరానికి నాలుగు మైళ్లు. వానాకాలంలో ఎన్ని మైళ్లో చెప్పడం కష్టం, కొన్ని బురద కింద ఉండేవి. బస్సు మాట ఎత్తితే చోడవరంలో బస్సు నడిపే ఆసామి, "ముందు రోడ్డెయ్యండి, తరవాత బస్సేస్తాను" అనేవాడు. రోడ్డు ఖర్చులో సగం గవర్నమెంటు ఇస్తుందనీ, తక్కిన సగానికి ఊరివాళ్లు ఒళ్లు వంచి పని చేస్తే చాలుననీ ఏభైల మొదట్లో కబురొచ్చింది.

మా బడి పంతులుగారు అర్జీ రాశారు. ఇంటికొక కారణం కావాలన్నారు. బెల్లం అనకాపల్లి చేర్చాలని కొందరు, ఆసుపత్రికని కొందరు చెప్పారు. మా అయ్య వంతు వచ్చేసరికి కారణాలన్నీ అయిపోయాయి. నేను అయిదో తరగతి గట్టెక్కి ఇంట్లో ఉన్నాను. హైస్కూలు చోడవరంలో ఉంది. రోడ్డు బాగుంటే మా అమ్మాయిని హైస్కూలుకు పంపుతానని పంతులుగారే రాసి, చదివి వినిపించారు. అయ్య వేలిముద్ర వేశాడు. ఇంటికొచ్చి అమ్మతో, "గవర్నమెంటోళ్లకి ఏదోటి సెప్పాలి కదే" అన్నాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఏడుపొచ్చింది. అయినా ఆశ చావలేదు.

రోడ్డు ఎంత అధ్వానంగా ఉందో చూడడానికి ఆఫీసరు జీపులో వస్తున్నారని తెలిసింది. ఊరంతా కంగారుపడింది. అంత పెద్దమనిషి మొదటిసారి వస్తూ గోతుల్లో ఎగిరిపడితే ఊరి పరువేం కావాలన్నారు మునసబుగారు. ఇంటికొక మనిషి చొప్పున నాలుగు రోజులు తట్టలు మోసి గోతులన్నీ పూడ్చారు. నీళ్లు చల్లి దిమ్మిస కొట్టారు. అంచుల వెంట సున్నంతో గీతలు కూడా గీశారు. అందరికంటే ఎక్కువ మట్టి మోసింది మా అయ్య. పనిలో దిగితే ఆయనకు ఒళ్లు తెలిసేది కాదు. ఎందుకు పూడుస్తున్నామని ఒక్కరూ అడగలేదు. పంతులుగారు కూడా తట్ట పట్టారు.

జీపు కుదుపు లేకుండా వచ్చింది. ఆఫీసరు కొబ్బరినీళ్లు తాగారు. జీపు కుదుపు లేకుండా వెళ్లిపోయింది.

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. పంతులుగారు బడి అరుగు మీద నిలబడి అందరికీ చదివారు. రోడ్డు బాగానే ఉంది కనుక డబ్బు ఇవ్వనక్కర లేదని సారాంశం. అప్పటికి రెండు పెద్ద వానలు పడి, సున్నం గీతలతో సహా రోడ్డు పొలాల్లోకి పోయింది. చేజేతులా చేసుకున్నదే అయినా జనం ఆఫీసరునే తిట్టారు.

నేను అయ్య ముందుకెళ్లి అడిగేశాను.

"అయ్యా, రోడ్డు బాగుందంట కదా. మరి నన్ను బడికెప్పుడు పంపుతావు?"

"ఏటే గుంటా, ఆళ్లు రాసేస్తే బాగయిపోద్దా? నువ్వు సూడనేదా?"

"నేను సూస్తే ఏటి? గవర్నమెంటు సూసి రాసింది."

అయ్య పంతులుగారి వైపు చూశాడు. ఆయన అడక్కుండానే అర్జీ నకలు తీసి, మా ఇంటి కారణం ఇంకోసారి చదివారు. వేలిముద్ర వేసిన అసలు కాగితం గవర్నమెంటు దగ్గరే ఉందని కూడా చెప్పారు. అయ్యకు గవర్నమెంటంటే పెద్ద భయం లేదు, వేలిముద్రంటే మాత్రం ఉండేది. కాసేపు తల గోక్కున్నాడు.

"సరే. రేపు పెందలాడే లెగు" అన్నాడు.

ఆరేళ్లు నడిచాను. వానాకాలమంతా లోతెక్కడో కర్రతో చూసుకుంటూ అయ్య ముందు నడిచేవాడు. నా పుస్తకాలు ఆయన తలపాగాలో ఉండేవి. ఎదురైనవాళ్లు ఎక్కడికని అడిగితే, "రోడ్డు బాగుందంట, గుంటని బడికి దింపుతన్నాను" అనేవాడు. నవ్వేవాడు కాదు.

నేను ఎస్సెల్సీ ప్యాసయిన ఏడు మళ్లీ ఆఫీసరు వచ్చారు. ఈసారి ఎవరూ గోతులు పూడ్చకుండా కర్ర పట్టుకుని కాపలా కాసింది మా అయ్యే. రోడ్డు మంజూరయింది, పడింది, బస్సూ వచ్చింది. మొదటి రోజు ఊరంతా ఎక్కింది. అయ్యను ఎక్కమంటే ఎక్కలేదు.

"నాకేటి పని దాంతోటి? మా గుంట సదువైపోనాది కదా" అన్నాడు.